నీడ సందులో పూల తీగ: ముందు ఎండ వచ్చే నెలలు లెక్కపెట్టండి

మీరు రాసిన వివరాలు ముందు ఒకసారి చెప్పుకుంటాను, జవాబంతా వాటి మీదే ఆధారపడి ఉంది. హైదరాబాద్‌లో ఇల్లు, గ్రౌండ్ ప్లస్ వన్, సుమారు 20 అడుగుల ఎత్తు. ఇంటికి ఉత్తరాన 5 అడుగుల సందు. సందు అవతల 6 అడుగుల ప్రహరీ, దానికి 10 అడుగుల పొడవున ఇనుప జాలీ బిగించారు. తూర్పున పెద్ద అపార్ట్‌మెంట్ ఉండటం వల్ల పొద్దుటి ఎండ రాదు. పక్కింటి మామిడి కొమ్మలు జాలీ తూర్పు కొస మీదికి వాలి ఉన్నాయి, పడమర కొస మీద ఆకాశం కనిపిస్తుంది. రెండేళ్లలో మల్లె ఒకసారి, శంఖుపుష్పం ఒకసారి పెట్టారు. రెండూ ఆకులు వేశాయి గానీ పూయలేదు. మీకు వాసన ఉన్న తెల్లపూలు కావాలి, అమ్మగారింట్లో జాజిపందిరి కింద మంచం వేసుకున్న రోజులు గుర్తొస్తాయన్నారు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. జాజి తీగ వేస్తే పాములొస్తాయని అత్తగారు వద్దంటున్నారు.

నేను పాతికేళ్లుగా ఈ ఊళ్లోనే మొక్కలు పెంచుతున్నాను. అందులో ఎక్కువ కాలం ఇలాంటి ఇరుకు సందుల్లోనే. అందుకే మీ ప్రశ్న నాకు బాగా దగ్గరిదిగా అనిపించింది.

మల్లె పూయకపోవడం మీ తప్పు కాదు, మీ చేతి గుణమూ కాదు. మొక్కకు పువ్వు అంటే ఖర్చు. ఎండలో ఆకు తయారుచేసుకున్న ఆహారం తన అవసరాలకు పోను మిగిలితేనే మొగ్గ వేస్తుంది. మల్లెకు రోజుకు కనీసం ఆరు గంటల సూటి ఎండ ఉండాలి, శంఖుపుష్పానికీ దాదాపు అంతే. అది దొరకనప్పుడు మొక్క తెలివిగా ఉన్నదంతా ఆకులకే పెడుతుంది, ఇంకాస్త వెలుగు పట్టుకుందామని. ఆ ఆకుల పచ్చదనం చూసి మనం ఇంకో గుప్పెడు ఎరువు వేస్తాం, అది మరిన్ని ఆకులు వేస్తుంది.

నర్సరీలో అడిగితే 'ఇది నీడలో కూడా పూస్తుందండీ' అంటారు. నీడ అనే మాట ఒక్కటే, నీడలు మాత్రం చాలా రకాలు. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి రాలే చుక్కల ఎండ ఒకటి, పొద్దున రెండు గంటలు మెత్తటి ఎండ వచ్చి పోవడం ఒకటి. మీది ఈ రెండూ కాదు. ఏడాదిలో సగం అసలు ఎండ రాదు, మిగిలిన సగం నడినెత్తి ఎండ వస్తుంది. ఇది తెలియకుండా ఏ తీగ పెట్టినా మళ్లీ నిరాశే.

ఎలాగో లెక్క వేసి చూపిస్తాను. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తు దాటడు. అప్పుడు మీ 20 అడుగుల ఇంటి నీడ ఉత్తరంగా 17 అడుగులు పడుతుంది. మీ సందు 5 అడుగులే కాబట్టి సందు, జాలీ, ప్రహరీ అన్నీ నీడలోనే. మార్చి 21కి సూర్యుడు దాదాపు 73 డిగ్రీలకు వస్తాడు. అప్పుడు మీ జాలీ కింది 4 అడుగులు నీడలో ఉంటే, పై 2 అడుగులకు మధ్యాహ్నం ఎండ తగులుతుంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీద ఉంటాడు, ఆ రోజు నిలువు కర్రకు నీడే పడదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అలాగే. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరాన ఉంటాడు, అంటే ఇల్లు అసలు అడ్డమే కాదు.

మీ కొలతలతో లెక్కేస్తే, జాలీ అడుగు భాగానికి మార్చి చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా మధ్యాహ్నపు ఎండకు ఇల్లు అడ్డం రాదు. జాలీ పై అంచుకు మార్చి మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా అడ్డం రాదు. ప్రహరీ మీద ఇంకో 3 అడుగులు పైకి తీగను పాకిస్తే మార్చి మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి పది రోజుల దాకా ఎండ వస్తుంది. అంటే అడుగున ఉన్న ఆకు కంటే పైన ఉన్న కొసకు ఏడు వారాలు ఎక్కువ ఎండ. రోజూ దొరికే సమయం కూడా పైన ఎక్కువే. తీగ స్వభావమే అది కదా, వేరు నీడలో, కొస వెలుగులో. అడవిలో అది చేసే పని ఇదే. మీ జాలీ 6 అడుగుల దగ్గర ఆగిపోవడమే అసలు ఇబ్బంది.

కాబట్టి మీరు వెతకాల్సింది 'నీడలో పూసే తీగ' కాదు. మార్చి నుంచి అక్టోబరు లోపల, కొత్త చిగురు మీద పూసే తీగ. చలికాలంలో పూసేది ఎంత అందమైనదైనా మీ సందులో పనికిరాదు, అది మొగ్గ కట్టే రోజులకు మీ జాలీ చీకట్లో ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నీడ చోటు అని పేరే గానీ, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు గంటల సేపు మీ సందు పెనంలా కాలుతుంది. రెండు గోడల మధ్య వేడి, పైగా ఇనుము. పూర్తిగా నీడకు అలవాటైన మెత్తటి మొక్క పెడితే ఆ రెండు గంటల్లోనే ఆకులు మాడతాయి. మీ తూర్పు కొస మీద మామిడి కొమ్మలున్నాయి చూడండి, వాటిని కొట్టేయాలని రాశారు. దయచేసి కొట్టించకండి. ఆ కొసకు అవి సహజమైన షేడ్‌నెట్, అంటే ఎండ తగ్గించే వల. అందుకే ఒకే తీగ జాలీ అంతా పాకించే ఆలోచన మానుకుని, రెండు కొసలకు రెండు తీగలు పెట్టమంటాను. మామిడి కింద ఉన్న తూర్పు కొసకు బ్లీడింగ్ హార్ట్. ఆకాశం కనిపించే పడమర కొసకు సన్నజాజి.

బ్లీడింగ్ హార్ట్ తీగను నర్సరీలో క్లెరోడెండ్రమ్ అని కూడా అంటారు. పశ్చిమ ఆఫ్రికా మొక్క. అక్కడ పనిచేసిన థామ్సన్ అనే మిషనరీ కోరిక మీద, చనిపోయిన ఆయన భార్య గుర్తుగా దీనికి థామ్సోనియే అని పేరు పెట్టారు. పువ్వు చూడటానికి తెల్లని లాంతరులోంచి ఎర్రని ఒత్తి బయటికి వచ్చినట్టు ఉంటుంది. ఎర్రటి భాగం కొద్ది రోజుల్లో రాలిపోతుంది, తెల్ల లాంతరు మాత్రం వారాల తరబడి నిలిచి, మెల్లగా లేత గులాబీ, ఊదా రంగుల్లోకి మారుతుంది. గుత్తులు గుత్తులుగా పూస్తుంది కాబట్టి ఒకేసారి తీగ మీద తెలుపు, ఎరుపు, ఊదా మూడూ కనిపిస్తాయి. ముదురు పచ్చ ఆకుల మధ్య ఆ తెలుపు చీకటి సందులో ఎంత బాగా కనిపిస్తుందో చూస్తే గానీ తెలియదు. బోగన్‌విలియా ఎరుపు నీడలో నల్లగా కలిసిపోతుంది, తెలుపు అలా కాదు.

ఇది 10, 12 అడుగులకు మించి పోదు. తనంతట తానే జాలీ ఊచలకు చుట్టుకుంటుంది. చుక్కల ఎండ చాలు, తేమ ఇష్టం. ముఖ్యంగా వేసవి నుంచి వానాకాలం చివరి దాకా కొత్త కొమ్మల మీద పూస్తుంది, అంటే మీ క్యాలెండరుకు అచ్చంగా సరిపోతుంది. చలికాలంలో కొన్ని ఆకులు రాల్చి నీరసంగా కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకుని పీకేయకండి. ఫిబ్రవరిలో ఎండు కొమ్మలు తీసేసి, మిగిలినవాటిని మూడో వంతు కత్తిరించండి. మార్చి ఎండ తగలగానే చిగురిస్తుంది.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇదే కుటుంబంలో పూర్తిగా ఎర్రగా పూసేది ఇంకొకటి ఉంది, స్ప్లెండెన్స్ అంటారు. అది చలికాలం చివర్లో పూస్తుంది. మీకు వద్దు. పువ్వు మీద ఉన్న మొక్కనే తీసుకోండి, తెల్ల లాంతరు కళ్లతో చూసి.

దీనికి వాసన లేదు. మీరు అడిగింది వాసన. అందుకే సన్నజాజి.

నిజం చెప్పాలంటే జాజి కూడా ఎండ మొక్కే. పొలంలో వేసినవాళ్లు నిండు ఎండలోనే వేస్తారు. కానీ మల్లెకూ దీనికీ తేడా ఉంది. మల్లె గుబురుగా, ఉన్న చోటే ఉంటుంది, ఎండను వెతుక్కుంటూ పోలేదు. జాజి పోతుంది. దాని కొసలకు మూడు గంటల ఎండ చూపించగలిగితే అది పూస్తుంది, ఇది నేను మూడు ఇళ్లలో చూశాను. పొలంలో పూసినట్టు శేర్ల కొద్దీ పూయదు. వానాకాలంలో సాయంత్రానికి ఒక గుప్పెడు, బాగా కుదిరిన రోజున దోసెడు. ఇరుకు సందులో ఆ గుప్పెడు చాలు, గాలి కదలదు కాబట్టి వాసన అక్కడే నిలిచి, వంటింటి కిటికీ తెరిస్తే లోపలికి వస్తుంది.

నర్సరీల్లో జాజి, సన్నజాజి, విరజాజి పేర్లు ఇష్టం వచ్చినట్టు వాడేస్తారు. పేరు అడగకండి, ఆకు చూడండి. ఒకే ఈనెకు ఇటూ అటూ జతలు జతలుగా చిన్న ఆకులుండి, కొసన ఒక ఆకు కాస్త పెద్దగా ఉండాలి. మొగ్గ వెనక లేత గులాబీ చాయ ఉండాలి. కణుపుకు రెండేసి చొప్పున గుండ్రటి విడి ఆకులుంటే అది మల్లె, జాజి అని చెప్పి ఇచ్చినా తీసుకోవద్దు. నాకు తెలిసినవాళ్లు ఇద్దరు ఇలాగే జాజి అనుకుని ఏడాది పాటు మల్లెను పెంచారు.

జాజికి ఆ 3 అడుగుల పొడిగింపు తప్పనిసరి. ప్రహరీ మీద జాలీ పడమర సగానికి రెండు ఇనుప పైపులు నిలబెట్టి, వాటి మధ్య అడుగుకొక వరుస చొప్పున మూడు వరుసల జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) లాగించండి. వెల్డింగ్ చేసేవాళ్లకు అరపూట పని. పక్కింటివాళ్లతో ముందే ఒక మాట చెప్పండి, పూలు అటు వైపు కూడా పూస్తాయని.

మీరు అడిగిన మిగతా తీగల సంగతి త్వరగా చెప్పేస్తాను. రాధామనోహరం నాకు చాలా ఇష్టం, సాయంత్రం తెల్లగా విచ్చి తెల్లారి గులాబీ, ఆ తర్వాత ఎరుపు అయ్యే ఆ పువ్వును ఎవరు కాదంటారు! కానీ అది 20 అడుగులు దాటి పోతుంది. మీ జాలీ మీద ఆకులు, పక్కింటి మామిడి నెత్తిన పూలు ఉంటాయి. ఆకు నలిపితే వెల్లుల్లి వాసన వచ్చే గార్లిక్ వైన్ అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ పూస్తుంది, అప్పటికి మీ జాలీకి ఎండ వెళ్లిపోతుంది. కౌరవ పాండవుల పువ్వుకు నాలుగైదు గంటల ఎండ కావాలి, పైగా ఊరంతా పాకుతుంది. అల్లమండ, కాశీరత్నం, కాగితం పూలు పూర్తిగా ఎండ మొక్కలు, వాటి ఆలోచనే వద్దు. మాధవీలత అడవి తీగ, దానికి జాలీ కాదు, ఒక పెద్ద చెట్టు కావాలి. నాభి పువ్వు వానాకాలంలో నీడపట్టునే అందంగా పూస్తుంది, కానీ దాని దుంప, గింజ అన్నీ విషం, కాల్చిసిన్ ఉంటుంది. నాలుగేళ్ల పాప ఉన్న ఇంట్లో అది వద్దే వద్దు. మనీ ప్లాంట్ నీడలో బ్రహ్మాండంగా పాకుతుంది గానీ పూయదు. పువ్వుకు కావలసిన హార్మోను దానిలో తయారు కాదు, మీరేం చేసినా లాభం లేదు.

మైసూరు తంబర్జియా గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఫోటోలు చూసి అందరూ దాని మీదే మనసు పడతారు. నేనూ పడ్డాను. పసుపు, మెరూన్ రంగుల పూలు మూరెడు, రెండు మూరల దండల్లా వేలాడతాయి, తేనెపిట్టలు వాటి చుట్టూ తిరుగుతాయి. పడమటి కనుమల తీగ అది, సగం నీడ చాలు. 2011లో మా గోడకు పెట్టాను. మూడేళ్లు ఆకులు బాగా వేసింది, ప్రతి మే నెలలో అంచులు మాడాయి, నాలుగో ఏట నాలుగు దండలు వేసింది, అవి గోడకూ జాలీకీ మధ్య నలిగిపోయాయి. ఆ పువ్వు కిందికి వేలాడుతుంది, దానికి ఎత్తైన పందిరి ఉండాలి, గాలిలో తేమ ఉండాలి. అరకు వైపో బెంగళూరులోనో ఉన్నవాళ్లు నిస్సందేహంగా పెట్టుకోవచ్చు. మన పొడి వేసవిలో, నిలువు జాలీ మీద అది పడే బాధ చూడలేం.

మనోరంజితం ఒక్కటి మనసులో పెట్టుకోండి. మన పాత ఇళ్ల మొక్క, ఆకుసంపెంగ అని కూడా అంటారు. ఆకుపచ్చగా పుట్టిన పువ్వు పసుపు తిరిగాక మాగిన పండు వాసన వేస్తుంది. పువ్వు ఎక్కడుందో కనిపించదు, వాసన మాత్రం సందంతా ఉంటుంది. సగం నీడను బాగా ఓర్చుకుంటుంది. పువ్వు కాడే కొక్కెంలా వంగి ఆధారాన్ని పట్టుకుంటుంది. కానీ ముదిరితే కొమ్మలు లావెక్కి బరువవుతాయి, మీ జాలీ ఆ బరువు మోయలేదు. పైగా పూతకు మూడు నాలుగేళ్లు ఓపిక పట్టాలి. ఇంటి ముందు ఎప్పుడైనా గట్టి పందిరి వేయిస్తే అప్పుడు పెట్టండి.

ఇక నాటడం. ప్రహరీ పక్కన మట్టి అంటే సగం సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, సున్నం. గోడకు అడుగు దూరం వదిలి, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంట తీయించండి. వచ్చిన చెత్తంతా పారేసి, ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక అర పాలు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపండి. తూర్పు కొసన మాత్రం గుంట తీస్తే మామిడి వేళ్లు తగులుతాయి. వాటిని నరికి తీగ పెడితే ఆరు నెలల్లో ఆ వేళ్లే మళ్లీ వచ్చి మీ ఎరువంతా తాగేస్తాయి. అక్కడ 20 అంగుళాల కుండీయే మేలు, అడుగున రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి.

చాలామంది మొక్కలు చంపుకునేది ఇక్కడే, కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. మన దగ్గర అమ్మే మొక్కల్లో చాలావరకు రాజమండ్రి పక్కన కడియం నుంచి వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ గోదావరి ఒండ్రుమట్టి ముద్ద ఉంటుంది. అక్కడి తేమలో అది బాగానే ఉంటుంది. మన ఎర్రమట్టిలో అలాగే పాతితే చుట్టూ మట్టి తడిగా ఉన్నా ఆ ముద్ద రాయిలా గట్టిపడి లోపలికి నీళ్లు పీల్చదు. మీరు రోజూ నీళ్లు పోస్తూనే ఉంటారు, మొక్క దాహంతో చచ్చిపోతుంది. నాటే ముందు ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తో మెల్లగా పిసుకుతూ బయటి సగం మట్టి వదిలించండి. వేళ్లు తెగకుండా చేయాలి. ఈ ఒక్క పనితో నా దగ్గర బతికే మొక్కల సంఖ్య ఎంతో పెరిగింది.

జూన్‌లో తొలకరి పడ్డాక నాటండి. నాటిన మొదటి వేసవిలో, ఏప్రిల్, మే నెలల్లో పడమర కొసకు 50 శాతం షేడ్‌నెట్ ముక్క ఒకటి కట్టండి. రెండో ఏడు నుంచి అవసరం రాదు.

తీగ పెరగడం మొదలెట్టాక మీ చేతిలో ఉన్న అసలు పని పాకించడం. తీగను నిలువుగా వదిలేస్తే కొస మొగ్గ ఒక హార్మోను పంపి కింది కణుపుల్ని నిద్రపుచ్చుతుంది. తీగ ఒకటే పుల్లలా పైకి పోయి, పైన నాలుగు ఆకులు, నాలుగు పూలు ఉంటాయి, కింద జాలీ బోసిగా ఉంటుంది. అదే తీగను లేతగా ఉన్నప్పుడే పక్కకు వంచి అడ్డంగా కట్టండి. కొస మొగ్గ అధికారం తగ్గుతుంది, ప్రతి కణుపులోంచి ఒక చిగురు లేస్తుంది. ప్రతి చిగురూ ఒక పూకొమ్మే. నీడలో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఉన్న కొద్ది వెలుగులో ఎక్కువ కొసలు తయారు చేసుకోవాలి కదా. బ్లీడింగ్ హార్ట్‌ను మొదటి ఆరు నెలలు విసనకర్రలా విప్పి కట్టండి. జాజిని మాత్రం 5 అడుగుల దాకా రెండు తీగలుగా నేరుగా పైకి తీసుకెళ్లండి, అక్కడి నుంచి అడ్డం తిప్పి పై మూడు తీగల మీద పరవండి. కింద దానికి పూయాల్సిన పని లేదు. జాజి తనంతట తాను గట్టిగా పట్టుకోలేదు కాబట్టి పాత నూలు చీర పేలికలతో ఎనిమిది అంకె వచ్చేలా వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు, సన్న ఇనుప తీగ కోసేస్తాయి.

మీ ఇంటి ఉత్తరపు గోడకు రంగు ఏమిటో రాయలేదు. ముదురు రంగైతే వచ్చే పెయింటింగ్‌లో తెలుపు వేయించండి. ఆకాశం వెలుగు ఆ గోడకు తగిలి జాలీ మీద పడుతుంది. సందు నీడ తగ్గించడానికి ఇంతకంటే చౌకైన పని లేదు.

నీళ్లు రోజూ పోయకండి. నీడలో మట్టి త్వరగా ఆరదు. వేలు రెండు అంగుళాలు దించి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. కుండీకి వేసవిలో రోజూ పట్టవచ్చు, చలికాలంలో వారానికి రెండుసార్లు చాలు. ఎరువు విషయంలో యూరియా జోలికి పోవద్దు. ఫిబ్రవరి కత్తిరింపు తర్వాత రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్టు, మళ్లీ జూన్‌లో ఒకసారి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నెలకోసారి లీటరు నీళ్లకు 2 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లితే మొగ్గలు బాగా నిలుస్తాయి.

గాలి ఆడని సందు కాబట్టి పిండినల్లి, తెల్లదోమ వస్తాయి. ఆకు వెనక దూదిలా కనిపించిన రోజే నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి కడిగేయండి. తర్వాత లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి పది రోజులకోసారి చల్లండి. తీగ మీద చీమల బారు కనిపిస్తే పిండినల్లి ఎక్కడో ఉందనే అర్థం, చీమల వెంట పోతే దొరుకుతుంది. జాలీకి, గోడకు మధ్య నాలుగంగుళాల ఖాళీ లేకపోతే చెక్క ముక్కలు పెట్టి ముందుకు జరిపించండి, సగం పురుగులు ఆ ఖాళీతోనే తగ్గుతాయి.

జాజి కత్తిరింపు పొలాల్లో డిసెంబరు చివర చేస్తారు. మీరు జనవరి చివరి దాకా ఆగండి. ముందే కత్తిరిస్తే ఎండ రాకముందే చిగుళ్లు వచ్చి, సన్నగా, పాలిపోయి సాగుతాయి. చిగురు వచ్చే రోజులకూ ఎండ వచ్చే రోజులకూ జత కుదరాలి.

అత్తగారి భయం గురించి. ఆవిడ చిన్నప్పుడు జాజిపొదలో పామును చూసే ఉంటారు, ఆ మాట కొట్టిపారేయకండి. పాము పూలవాసనకు రాదు. నేల దాకా గుబురుగా దిగిన తీగ, అడుగున ఎండుటాకులు, చల్లటి తడి, అందులో కప్పలు, ఎలుకలు ఉంటే వాటి కోసం వస్తుంది. ఆ గుబురు ఏ తీగదైనా ఒకటే. అందుకే రెండు తీగలకూ నేల నుంచి రెండడుగుల దాకా ఆకులు, పక్క కొమ్మలు ఉంచకండి. కాండం, వెనక గోడ స్పష్టంగా కనిపించాలి. రాలిన ఆకులు వారానికోసారి ఊడ్చేయండి. సందు అడుగున వాడని కుండీలు, పాత చెక్కలు పేర్చి ఉంటే తీసేయండి. ఇవన్నీ చేసి అత్తగారిని ఒకసారి సందులోకి తీసుకెళ్లి చూపించండి.

మొదటి ఏడు పూల కోసం చూడొద్దు. బ్లీడింగ్ హార్ట్ రెండో ఏడు మే నెలకు గుత్తులు వేస్తుంది. జాజి రెండో వానాకాలానికి పైతీగలు అందుకుని, అక్కడక్కడ పూస్తుంది. మూడో ఏడు నుంచి దాని అసలు పూత.

ఇంకొక్క మాట. అమ్మగారింట్లో ఆ జాజి ఇప్పటికీ ఉంటే నర్సరీకి వెళ్లకండి. ఈ జూన్‌లో అక్కడికి వెళ్లినప్పుడు, నేలకు దగ్గరగా ఉన్న, పెన్సిలంత లావు తీగ ఒకటి చూడండి. కొసకు అడుగున్నర ఇవతల, కణుపు కింద అంగుళం పొడవున చాకుతో ఏటవాలుగా గాటు పెట్టి, చీలిక మూసుకుపోకుండా చిన్న పుల్ల దూర్చండి. ఆ భాగాన్ని కుండీ మట్టిలోకి మూడు అంగుళాల లోతు వంచి, మీద ఒక రాయి పెట్టి, కొసను బయటికి ఉంచండి. తల్లితీగ నుంచి కోయవద్దు. మట్టి ఆరకుండా చూడమని అమ్మగారికి చెప్పి రండి. మూడు, నాలుగు నెలల్లో వేళ్లు వస్తాయి. దసరాకు వెళ్లినప్పుడు కుండీ పక్కన తీగను కోసి, పిల్లమొక్కను తెచ్చుకోండి. చలికాలమంతా మేడ మీద ఎండలో కుండీలోనే పెంచి, మార్చిలో మీ సందులో ఎండ గోడ పై అంచుకు దిగగానే పడమర గుంటలో పెట్టండి.

దీనికి మాత్రం జూన్ దాకా ఆగక్కర్లేదు, వేళ్లు బలంగా ఉంటాయి. వేసవికి షేడ్‌నెట్ మర్చిపోకండి.